హెర్నియా ఆపరేషన్ అయి నెలలు గడిచినా గజ్జలో నొప్పి పోకపోతే ఏం చేయాలి

కుట్లు ఆరిపోయాయి, మచ్చ సన్నబడింది, చూసినవాళ్లంతా "ఇంకేటి, బాగానే ఉన్నావు కదా" అంటున్నారు, మీకు మాత్రం బండి ఎక్కి దిగేటప్పుడో కుర్చీలోంచి లేచేటప్పుడో గజ్జలో ఏదో పట్టి లాగుతోంది. రాత్రి పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే జివ్వుమంటోంది. ఎవరికైనా చెబుదామంటే చోటు అలాంటిది. ఇలా ఉన్నవాళ్ల కోసమే రాస్తున్నాను. నాకు కుడివైపు ఆపరేషన్ అయింది, మెష్ (లోపల పరిచే వల) వేశారు, నాలుగో నెల దాటాక కూడా నొప్పితోనే తిరిగాను. నేను డాక్టర్ని కాను, శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో బియ్యం, పప్పుల కొట్టు నడుపుతాను. నేను పడ్డది, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది, తెలియక చేసిన తప్పులు అన్నీ కలిపి చెబుతున్నాను. మందుల విషయం మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడే తీసుకోండి.

మిగతాది చదివే ముందు ఇది చూసుకోండి. ఆపరేషన్ చేసిన వైపు మళ్లీ ఉబ్బు కనబడి, అది గట్టిపడి, పడుకున్నా లోపలికి పోకుండా, దానికి తోడు వాంతులు, కడుపుబ్బరం, గ్యాస్ కూడా పోకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ చేసే వసతి ఉన్న ఆస్పత్రికే వెళ్లండి. పేగు మళ్లీ జారి ఇరుక్కుపోయి ఉండొచ్చు. వృషణం ఒక్కసారిగా వాచి విపరీతంగా నొప్పి పుట్టినా, మూత్రం బిగుసుకుపోయినా, కుట్టు చుట్టూ ఎర్రబడి చీము కారుతూ జ్వరం వచ్చినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా కూడా ఆలస్యం పనికిరాదు. మెష్ వేసినవాళ్లకి ఇన్ఫెక్షన్ నెలల తర్వాత కూడా రావచ్చు కాబట్టి, కుట్లు ఎప్పుడో ఆరిపోయాయి కదా అని కొట్టిపారేయకండి. ఇవేవీ లేకపోతే కంగారు లేదు, నిదానంగా చదవండి.

లోపల ఏం చేశారో తెలుసుకోండి

మగవాళ్లలో నూటికి దాదాపు 27 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జ హెర్నియా వస్తుంది, ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి. అంటే మీ వీధిలోనే ఇంకొందరు ఉంటారు, బయటికి చెప్పుకోరు, అంతే. గజ్జ దగ్గర పొట్ట గోడ పలచబడి, అక్కడినుంచి పేగో కొవ్వో ముందుకి జారుతుంది. దాన్ని లోపలికి తోసి, ఆ పలచటి చోట ఒక వల పరుస్తారు. అదే మెష్, ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుతో అల్లినది. పందిరికి ఆనప తీగ అల్లుకున్నట్టు మన కండ ఆ వల కన్నాల్లోంచి పెరిగి దాన్ని పట్టేసుకుంటుంది. ఆ అల్లుకోవడం, ఆ మచ్చ గట్టిపడి మళ్లీ మెత్తబడడం నెలల తరబడి సాగే పని, కొందరికి ఏడాది కూడా పడుతుంది. అందుకే పైన చర్మం పది రోజుల్లో మానినా లోపల లాగుతున్నట్టు ఉంటుంది.

ఇక ఆ చోటులోనే మూడు సన్నటి నరాలు పోతుంటాయి. ఒకటి బొడ్డుకి దిగువన, జననాంగం పైభాగం చర్మానికి స్పర్శ ఇస్తుంది. ఇంకోటి తొడ లోపలి పైభాగానికి, జననాంగం మొదటికి. మూడోది వృషణాల సంచికి. ఆపరేషన్‌లో వీటిలో ఏదైనా సాగొచ్చు, తెగొచ్చు, కుట్టులో పడొచ్చు, తర్వాత మచ్చలో చిక్కుకోవచ్చు. జాగ్రత్తగా చేసినా జరగొచ్చు, ఎందుకంటే ఆ నరాలు అందరికీ ఒకే దారిలో ఉండవు. కాబట్టి నొప్పి ఉందంటే డాక్టర్ తప్పు చేసినట్టే అని ముందే తీర్మానించుకుని గొడవకి వెళ్లొద్దు. నొప్పి లేదని మిమ్మల్ని మీరు నమ్మించుకోనూ వద్దు.

డిశ్చార్జ్ కాగితం తీసి చూడండి. లిచెన్‌స్టీన్ అని రాసి ఉంటే గజ్జ దగ్గర కోసి మెష్ వేశారన్నమాట, 1980ల్లో అమెరికాలో లిచెన్‌స్టీన్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. టాప్ అనో టెప్ అనో ఉంటే చిన్న కన్నాలు పెట్టి కెమెరాతో చేశారు. ట్యాకర్లు వాడారో లేదో కూడా అందులో ఉండొచ్చు, అవి మెష్‌ని పట్టి ఉంచే చిన్న మేకుల్లాంటివి. కెమెరాతో చేసినవాళ్లకి తొడ బయటి వైపు మంట, తిమ్మిరి ఉంటే ఈ సంగతి డాక్టర్‌కి చాలా పనికొస్తుంది. కాగితం లేకపోతే ఆస్పత్రికి వెళ్లి కాపీ అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు మీద చేయించుకున్నవాళ్లకీ ఆ కాగితం ఇస్తారు, మనవాళ్లు చాలామంది దాన్ని మడిచి బీరువాలో ఏ చీర మడతలోనో పెట్టి మర్చిపోతారు.

ఎన్నాళ్లదాకా మామూలు

మొదటి రెండు వారాలు వాపు, నల్లగా కమిలి ఆ నలుపు వృషణాల దాకా దిగడం మామూలే. కుట్టు కింద కర్రముక్కలా గట్టిగా తగలడం వారాల నుంచి నెలల దాకా ఉంటుంది. మచ్చ కింద కొంత చోట స్పర్శ లేకపోవడం చాలామందికి ఉంటుంది, అది ఎప్పటికీ అలాగే ఉండిపోయినా ప్రమాదం కాదు. అసలు చూడాల్సింది నొప్పి ఏ దిక్కుగా పోతోందని. వారం వారం తగ్గుతూ ఉంటే నెమ్మదిగా తగ్గినా పరవాలేదు. తగ్గి మళ్లీ పెరుగుతుంటే, లేదా మొదట్లో లేని రకం నొప్పి కొత్తగా మొదలైతే చూపించుకోవాలి. మూడు నెలలు దాటినా పనికి అడ్డొచ్చే నొప్పి ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి కింద లెక్కేస్తారు. సర్జన్ల అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఇది దాదాపు 10 నుంచి 12 శాతం మందికి ఉంటుందని, రోజువారీ పనులు చేసుకోలేనంత నొప్పి మాత్రం 0.5 నుంచి 6 శాతం మందికని ఉంది. వయసులో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, ఆపరేషన్‌కి ముందే బాగా నొప్పి ఉన్నవాళ్లకి, రెండోసారి చేయించుకున్నవాళ్లకి ఎక్కువ. అంటే ఇది మీరు ఊహించుకుంటున్నది కాదు, డాక్టర్లకి తెలిసిన సమస్యే, పేరు ఉంది, వైద్యం ఉంది.

నొప్పి అని ఊరుకోకండి, ఏ నొప్పో చెప్పండి

ఇది నా మటుకు నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన సంగతి. మొదటిసారి చూపించుకున్నప్పుడు "ఎలా ఉంది" అంటే "నొప్పండి" అన్నాను, మాత్రలు రాశారు, వచ్చేశాను. రెండోసారి వెళ్లిన డాక్టర్ గారు వేరే. ఆయన కూడా ముందు అదే అడిగారు, నేనూ అదే చెప్పాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టేసి, "ఇదే మీ అమ్మగారికి చెప్పుకుంటే ఏమని చెబుతారు" అన్నారు. అప్పుడు నోరు విప్పాను. "లోపల తాడు కట్టి ఎవరో లాగినట్టుంటదండీ. లుంగీ తగిలితే మాత్రం మంట. నడిచి నడిచి ఆగితే జివ్వుమని తొడలోకి దిగుతాది." ఆయన ఆ మూడు మాటలనీ తెలుగులోనే విడివిడిగా రాసుకున్నారు. "మీకున్నది ఒక నొప్పి కాదు, రెండు. లాగేది వేరు, మండేది వేరు, మందులు కూడా వేరు" అన్నారు. అప్పటిదాకా నేను మింగినవన్నీ మొదటిదానికి వాడే మాత్రలు. రెండోదానికి అవి పనిచేయవు.

కాబట్టి కాగితం తీసుకుని, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రాయండి. లాగుడు, బిగుతు, బరువు, సలుపు, పని చేస్తే పెరిగి పడుకుంటే తగ్గేది, ఇవి ఎక్కువగా కండకి, మచ్చకి, మెష్‌కి సంబంధించినవి. మంట, జివ్వుమనడం, కరెంటు కొట్టినట్టు, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, తిమ్మిరి, బట్ట ఆనినా ఓర్చుకోలేకపోవడం, ఇవి నరానివి. ఒక్క వేలు పెట్టి "ఇక్కడే" అని చూపించగలిగితే, ముఖ్యంగా మధ్యలో, జననాంగం పైనుండే ఎముక దగ్గరైతే, అక్కడ పడిన కుట్టు కావచ్చు, తెగిన నరం చివర చిన్న గడ్డ కట్టడం కావచ్చు. వృషణంలో పీకుడు ఉంటే అది కూడా విడిగా రాయండి.

గజ్జలో వచ్చే ప్రతి నొప్పీ ఆపరేషన్‌దే కాదని కూడా గుర్తుంచుకోండి. మఠం వేసుకుని కూర్చోవాలంటేనే గజ్జలో పట్టేస్తుంటే తుంటి కీలు సంగతి కావచ్చు. నడుము నుంచి గజ్జలోకి అలలు అలలుగా పోటు వస్తూ మూత్రంలో మంట ఉంటే కిడ్నీ రాయి కావచ్చు. నడుము నరం నొక్కుకున్నా గజ్జలోకి పాకుతుంది. దగ్గితే ఉబ్బు కనబడుతుంటే హెర్నియా మళ్లీ వచ్చిందేమో చూడాలి. ఇవన్నీ తేల్చేది డాక్టరే, మనం చేయాల్సింది ఏదీ దాచకుండా చెప్పడం.

ఇంకో పని చేయండి, నాకు చాలా ఉపయోగపడింది. స్నానం చేసి తుడుచుకుని, తలుపేసుకుని, వెలుతురున్న చోట కూర్చోండి. కొంచెం దూది నలిపి సన్నగా చేసి, బాగున్న వైపు తొడ మీద, గజ్జలో తాకించి చూడండి, ఎలా ఉందో గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆపరేషన్ చేసిన వైపు, బాగున్న చోటు నుంచి మచ్చ వైపు నెమ్మదిగా రండి. ఎక్కడ స్పర్శ తగ్గిందో అక్కడ బాల్ పెన్నుతో చిన్న గీత, ఎక్కడ మంట మొదలైందో అక్కడ చుక్క. నాలుగు వైపుల నుంచీ ఇలా వస్తే ఆ గీతలన్నీ కలిసి ఒక పటం అవుతుంది. నాకు మచ్చ కింద చిన్న అరచేయంత చోట మొద్దుబారి, దాని అంచున తొడ లోపలివైపు నాలుగు వేళ్ల వెడల్పు మంట పట్టీ వచ్చింది. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను, డాక్టర్ గారు చూసి తానూ దూదితో ఒకసారి సరిచూసుకుని, ఏ నరమో అక్కడికక్కడే చెప్పారు. ఆ ఫొటో ఎవరికీ పొరపాటున పోకుండా విడిగా దాచుకోండి.

దీనికి తోడు రెండు వారాలు చిన్న డైరీ రాయండి. నొప్పి పదికి ఎంత అన్నది ఒక అంకె, ఆరోజు ఆ నొప్పి వల్ల ఏ పని చేయలేకపోయారన్నది ఒక మాట, చాలు. "మెట్లు ఎక్కలేదు", "మూడింటికే మెలకువ వచ్చింది", ఇలా. ఆ అంకె కన్నా ఈ మాటలే డాక్టర్‌కి ఎక్కువ అర్థమవుతాయి.

మన జిల్లావాళ్లు పెయిన్ కిల్లర్ల విషయంలో ఎందుకు ఆగాలి

ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి. మనకి ఒంట్లో ఎక్కడ నొప్పెట్టినా మందుల షాపుకి వెళ్లి "నొప్పి మాత్ర ఇయ్యి" అనడం, లేకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం అలవాటు. నేనూ అదే చేశాను. కొట్టు కట్టేసి వస్తూ దారిలో నాలుగు మాత్రల ముక్క కత్తిరించి ఇప్పించుకునేవాణ్ని, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, అలా రెండు నెలలకు పైనే. ఇచ్చినవాళ్లు ఏమీ అడగలేదు, నేనూ పేరు చదవలేదు. తర్వాత తెలిసింది, అందులో ఉన్నది ఎసిక్లోఫెనాక్. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివన్నీ ఆ జాతివే, ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీకి రక్తం అందడం తగ్గిస్తాయి.

ఎక్కడైనా ఇది జాగ్రత్త పడాల్సిన విషయమే, మనకి ఇంకా ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని తినేసిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, డయాలసిస్‌కి వెళ్లొచ్చే చుట్టం ఒక్కరైనా లేని కుటుంబం అటు తక్కువ. దానికి ఇదీ కారణమని ఒక్కటి ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది కూడా అందుకే. ఆ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు, కాళ్లు వాచేదాకా తెలియదు. అలాంటిచోట పుట్టి పెరిగినవాళ్లం, ఎండలో చెమటోడ్చే పని చేసేవాళ్లం, పైగా రోజూ ఈ మాత్రలు వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. నాకు రెండో డాక్టర్ గారు ముందు రాసింది మందు కాదు, సీరం క్రియాటినిన్ పరీక్ష, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్త పరీక్ష. 1.5 వచ్చింది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఆ రోజే ఆ మాత్రలు మానిపించారు, ఆరు వారాల తర్వాత మళ్లీ చూస్తే 1.1కి దిగింది. నాకు దిగింది, అందరికీ దిగుతుందని లేదు.

కాబట్టి ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్ర రెండు వారాలు దాటి అవసరమవుతోందంటే క్రియాటినిన్, యూరిన్ పరీక్ష చేయించుకోండి, పెద్ద ఖర్చు కాదు. కిడ్నీ జబ్బు, బీపీ, షుగర్ ఉన్నా, అల్సర్ ఉన్నా ఆ సంగతి ముందే చెప్పండి. చాలావరకు ఉన్నవాటిలో సురక్షితమైనది పారాసిటమాల్, అది కూడా 500 లేదా 650 మిల్లీగ్రాములది, ఆరేసి గంటల తేడాతో. రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నవాళ్లు, మందు తాగే అలవాటున్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు ఇంకా తక్కువే వాడాలి, ఎంతో డాక్టర్‌ని అడగండి. అట్ట వెనక్కి తిప్పి చదవండి, చదవడం రాకపోతే పిల్లల చేత చదివించండి. పారాసిటమాల్ అని ఒక్కటే ఉండాలి, దాని పక్కన ఇంకో పేరు ఉంటే అది కలిపిన మాత్ర. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే లెక్క దాటిపోతుంది.

నరం నొప్పికి ఇచ్చేవి వేరు, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి. ఇవి వేసుకున్న రోజే తగ్గించవు, వారాలు పడుతుంది, చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచుతారు. మొదట్లో మత్తుగా, తల తిరుగుతున్నట్టుగా ఉంటుంది, ఆ రోజుల్లో బండి నడపొద్దు, తాటికల్లు అయినా సరే ముట్టొద్దు. కిడ్నీ పనితీరుని బట్టి డోసు తగ్గించాల్సినవి ఇందులో ఉన్నాయి కాబట్టి పక్కింటాయన మాత్ర మీరు వేసుకోవద్దు. తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేయొద్దు కూడా, దించుకుంటూ రావాలి.

రోజూ ఇంట్లో చేసుకోగలిగేవి

మొలతాడు చూసుకోండి. నాది కిందికి జారి సరిగ్గా మచ్చ మీద రాసుకుంటూ ఉండేది, మూడు నెలలు నాకే తట్టలేదు. తీయడం ఇష్టం లేకపోతే పైకి బిగించి కట్టుకోండి. లుంగీ ముడి, పంచె దోపు కూడా ఆపరేషన్ చేసిన వైపు కాకుండా రెండోవైపు వేయండి. ప్యాంటు బెల్టు మచ్చ మీద పడుతుంటే కొన్నాళ్లు నాడా పైజామా మేలు. బట్ట ఆనితేనే మంట పుట్టేవాళ్లకి చర్మాన్ని మళ్లీ అలవాటు చేయడం ఒక వైద్యమే. ముందు మెత్తటి పాత బట్ట, నేను మా నాన్న వాడి వాడి వెన్నలా అయిపోయిన పొందూరు ఖద్దరు కండువా ముక్క తీసుకున్నాను, దానితో మంట ఉన్న చోట సున్నితంగా రెండు మూడు నిమిషాలు రుద్దడం, రోజుకి నాలుగైదు సార్లు. వారం తర్వాత టవల్, ఆ తర్వాత ఇంకొంచెం గరుకు. మొదటి రోజుల్లో చిరాకుగా ఉంటుంది, ఓర్చుకోగలిగినంతే చేయండి. మచ్చ పూర్తిగా మానాక, దాదాపు ఆరు వారాలకి, కొబ్బరి నూనె రాసి వేలి కొసలతో ఐదు నిమిషాలు మర్దన చేస్తే బిగుతు తగ్గుతుంది. కాపడం పెట్టుకునేవాళ్లు జాగ్రత్త, స్పర్శ లేని చోట వేడి తెలియదు, చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ముందు చేత్తో వేడి చూసుకోండి, బట్ట అడ్డం పెట్టండి.

నులక మంచం మీద పడుకునేవాళ్లు కొన్నాళ్లు చెక్క మంచానికి మారండి. నులక కుంగితే లేచేటప్పుడు పొట్ట మొత్తం బిగించాలి. ఎక్కడ పడుకున్నా లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, కాళ్లు కిందికి వేసి, చేత్తో తోసుకుని లేవండి. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు అరచేయి గానీ చిన్న దిండు గానీ మచ్చ మీద నొక్కి పట్టుకోండి. చుట్ట, బీడీ తాగేవాళ్లకి ఆ దగ్గే పెద్ద శత్రువు, మానడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. మలబద్ధకం ఉంటే ముక్కడం వల్ల నొప్పి మళ్లీ మొదటికొస్తుంది, నీళ్లు, ఆకుకూరలు, అరటిపండు, రాగి అంబలి పెంచండి. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు ఉన్న మాత్రలు వేసుకుంటే మలబద్ధకం రావచ్చు, వస్తే డాక్టర్‌కి చెప్పి విరేచనం సాఫీ అయ్యే మందు రాయించుకోండి. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు నీళ్లు, పళ్ల విషయంలో వాళ్ల డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.

కిక్ కొట్టే బండి అయితే ఇంకొకరి చేత స్టార్ట్ చేయించండి. గతుకుల రోడ్డులో బండి వెనక సీటు కన్నా ఆర్టీసీ బస్సులో ముందువైపు సీటు నయం.

పని విషయంలో మావాళ్లు రెండు చివరలా ఉన్నారు. మా అమ్మ "ఆర్నెల్లు కదలకురా నాయనా, కుట్లు తెగిపోతాయి" అనేది, మా కొట్లో కలాసీలేమో పదిహేను రోజులకే బస్తా మోసేస్తారు. రెండూ తప్పే. మెష్ వేశాక అన్నాళ్లు పడుకోనక్కర్లేదు, పైగా కదలకపోతే కండ బిగుసుకుని, మనసులో భయం పాతుకుపోయి నొప్పి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. మొదటి రోజు నుంచే నడవాలి. బరువుల గడువు మీ సర్జన్ చెప్పినంత పాటించి, ఆ తర్వాత మెట్లు మెట్లుగా పెంచుకోండి. నేను 5 కిలోల గోధుమపిండి సంచితో మొదలుపెట్టాను, వారం బాగుంటే 10, తర్వాత 15. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదులుతూ, మోకాళ్లు వంచి, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకుని. మర్నాడు పొద్దునకి నొప్పి పాత స్థాయికి వచ్చేస్తే ఆ బరువు మీకు పట్టినట్టే. రాకపోతే ఒక మెట్టు దిగండి, పూర్తిగా మానేయకండి. కొబ్బరి చెట్టు ఎక్కేవాళ్లు, వల లాగేవాళ్లు, జీడి పరిశ్రమలో బస్తాలు మోసేవాళ్లు మీ పని ఏమిటో ఆపరేషన్‌కి ముందే సర్జన్‌కి చెప్పండి, "కూలి పని" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆయనకి ఏం తెలుస్తుంది.

చెప్పుకోలేని సంగతి

కొంతమందికి కలయిక సమయంలో, వీర్యం పడేటప్పుడు గజ్జలోనో వృషణంలోనో నొప్పి, మంట వస్తుంది. వీర్యనాళం ఆ మెష్ పక్కనుంచే పోతుంది, అందుకని. మగతనానికి ఏదో అయిపోయిందని కుమిలిపోయి భార్యకి దూరంగా పడుకోవడం మొదలుపెడతారు, ఆవిడకి కారణం తెలియదు, ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. ముందు ఆవిడకి చెప్పండి, తర్వాత డాక్టర్‌కి చెప్పండి. డాక్టర్‌కి ఇది కొత్త కాదు. వృషణం సైజు తగ్గుతున్నట్టు అనిపించినా చెప్పాలి, స్కాన్ చేసి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూస్తారు. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం, వాళ్లకి హెర్నియా ఉంటుందన్నదే చాలామందికి తెలియదు. మగ డాక్టర్‌కి చూపించుకోవడం ఇబ్బందిగా ఉంటే ఆశా కార్యకర్తని వెంట తీసుకెళ్లండి, లేదా లేడీ డాక్టర్ ఉన్న రోజు కనుక్కుని వెళ్లండి, అంతేగాని భరిస్తూ కూర్చోవద్దు.

డాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది

ముందు ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి, లోపల ఏం చేశారో ఆయనకే బాగా తెలుసు. వెంట తీసుకెళ్లాల్సినవి: డిశ్చార్జ్ కాగితం, మీరు రాసిన మాటలు, పటం ఫొటో, ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల ఖాళీ అట్టలు. నిలబెట్టి, పడుకోబెట్టి, దగ్గించి చూస్తారు. అల్ట్రాసౌండ్ రాస్తే, స్కాన్ చేసేటప్పుడు దగ్గమని చెప్పి చూస్తారా అని అడగండి, చిన్న ఉబ్బు పడుకుని ఉన్నప్పుడు కనబడకపోవచ్చు. అవసరమైతే సీటీ, ఎంఆర్‌ఐ. మెష్ ముడతపడి ముద్దయిందా అన్నది వాటిలో తెలియొచ్చు. "అంతా బాగానే ఉంది, టెన్షన్ వల్ల" అని పంపించేస్తే, అంతటితో ఆగకుండా నొప్పి వైద్యం చూసే డాక్టర్ దగ్గరికి రాసివ్వమని అడగండి. ఎక్కువగా మత్తు డాక్టర్లే ఆ వైద్యమూ చేస్తారు. మన దగ్గర శ్రీకాకుళం, విజయనగరం పెద్దాస్పత్రుల్లో ముందు చూపించుకుని, అక్కడ కాకపోతే విశాఖ వెళ్లొచ్చు.

నేను విశాఖే వెళ్లాను. ఆమదాలవలసలో రైలెక్కి, సీటులో అరగంటకోసారి లేచి నిలబడుతూ. అక్కడ డాక్టర్ గారు స్కాన్ మిషన్‌లో చూస్తూ నడుం ఎముక పక్కన సన్నటి సూదితో నరం చుట్టూ మత్తుమందు, కొంచెం స్టెరాయిడ్ ఇచ్చారు. నర్వ్ బ్లాక్ అంటారు. పది నిమిషాల తర్వాత లేచి నడవమన్నారు. లుంగీ తొడకి తగులుతోంది, మంట లేదు. నాలుగైదు నెలల్లో మొదటిసారి. లోపల లాగడం మాత్రం అలాగే ఉంది. "మంట నరానిదే అని తేలిపోయింది" అన్నారు ఆయన. అంటే ఈ సూది వైద్యమే కాదు, పరీక్ష కూడా. పది రోజుల తర్వాత మంట తిరిగి వచ్చింది, కానీ సగమే. మూడు వారాల తేడాతో ఇంకో రెండు చేయించుకున్నాను, రాత్రి పూట చిన్న డోసు ప్రీగాబాలిన్ వేసుకున్నాను, లాగుడుకి ఫిజియోథెరపీ. షుగర్ ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ వల్ల కొద్దిరోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా.

ఇవేవీ పనిచేయనివాళ్లకి మళ్లీ ఆపరేషన్ ఉంది, ఆ నరాలని కోసి తీసేయడం, కొందరికి మెష్ తీయడం. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా మిగతా వైద్యాలన్నీ చూశాకే దాని మాట ఎత్తుతారు, ఎందుకంటే ఆ సమయంలో చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. నరం తీస్తే ఆ చోట స్పర్శ శాశ్వతంగా పోతుంది, అందరికీ నొప్పి పోతుందన్న హామీ లేదు, మెష్ తీసేటప్పుడు వృషణానికి రక్తం తెచ్చే నాళాలకి దెబ్బ తగిలే అవకాశం ఉంది. ఇలాంటివి ఎన్ని చేశారని సర్జన్‌ని సూటిగా అడగండి, అడగడం తప్పు కాదు. ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు.

నాకు ఆపరేషన్ అయి ఇప్పటికి 16 నెలలు. మచ్చ కింద ఐదు రూపాయల బిళ్లంత చోట ఇప్పటికీ స్పర్శ లేదు, దూరం బండి మీద పోయి వస్తే సాయంత్రానికి కాస్త లాగుతుంది, పక్కకి తిరిగి పడుకుంటే గంటలో పోతుంది. 25 కిలోల బస్తా ఒక్కణ్నే ఎత్తుతున్నాను, 50 కిలోలదైతే ఇద్దరం పడతాం. ప్రీగాబాలిన్ డాక్టర్ చెప్పినట్టు దించుకుంటూ వచ్చి రెండు నెలల కిందట ఆపేశాను. క్రియాటినిన్ ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను, ఈసారి మా ఇంటావిడకి కూడా చేయించాను.